ఉండలేకపోతే వచ్చెయ్యమన్నాడు నాన్న

మా బ్యాచ్ సంగతి ముందు చెప్పాలి. 2020లో కోవిడ్ వల్ల ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు రద్దుచేసి అందర్నీ పాస్ చేశారు. మరుసటి ఏడాది మా ఇంటర్ ఫస్టియర్ పరీక్షలూ రద్దయ్యాయి. ఆ వయసులో పిల్లలు నలుగురిలో తిరిగి, ఒంటరిగా బస్సులెక్కి, కొత్తవాళ్లతో మాట్లాడటం నేర్చుకుంటారు. మేం ఆ కాలమంతా ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని గడిపేశాం. కాలేజీలు తెరిచాక నా స్నేహితులు కొందరు విజయవాడ హాస్టళ్లకి వెళ్లారు. నేను అమలాపురంలో గవర్నమెంట్ కాలేజీలో హెచ్ఈసీలో చేరాను. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి మళ్లీ ఇంట్లో ఉండేవాణ్ని. మా ఊరు పి.గన్నవరం దగ్గర, గోదావరి గట్టుని ఆనుకుని ఉంటుంది. అమ్మ, నాన్న, నాయనమ్మ, చెల్లి, వీళ్లలో ఒక్కరైనా పక్కన లేకుండా నేను ఎక్కడా పడుకున్నది లేదు.

అలాంటి నాకు 2022లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ హిస్టరీలో సీటొచ్చింది. సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకి సీయూఈటీ అని ఉమ్మడి పరీక్ష మొదలుపెట్టింది ఆ ఏడాదే. తెలుగులో కూడా రాయొచ్చన్నారు కాబట్టే నేను ధైర్యం చేశాను. పరీక్ష ఆగస్టులో రాశాను, రిజల్ట్ సెప్టెంబరు మధ్యలో వచ్చింది. తర్వాత కౌన్సెలింగ్, ఫీజు, సర్టిఫికెట్లు, క్లాసుల తేదీ, అన్నీ ఒకదాని వెనక ఒకటి జరుగుతూ దీపావళి దాటిపోయింది.

నేను ఎక్కువగా చెప్పాలనుకుంటున్నది ఆ మధ్య కాలం గురించే. హాస్టల్లో మొదటి రాత్రి గురించి అందరూ చెబుతారు. సీటొచ్చాక, ఇంకా ఇంట్లోనే ఉన్నప్పుడు, రోజూ కొంచెం కొంచెంగా పెరిగే భయం గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. నా మటుకు నాకు హాస్టల్ కంటే అదే కష్టంగా గడిచింది.

రిజల్ట్ వచ్చిన రోజు అందరం సంతోషంగానే ఉన్నాం. నాన్న అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో గుమస్తా. ఆ సాయంత్రం కాజాలు పట్టుకొచ్చాడు. రాత్రి భోజనాల దగ్గర నాయనమ్మ నెమ్మదిగా "ఐదేళ్లా?" అంది. అంతే, నాకు ముద్ద దిగలేదు. ఆ రాత్రి మూడింటికి మెలకువ వచ్చేసింది. గుండె దడదడలాడుతోంది, అరచేతులు చెమటలు పడుతున్నాయి, కడుపులో దేవుతోంది. తెల్లారేలోపు బాత్రూమ్‌కి తిరుగుతూనే ఉన్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అమ్మ గ్యాస్ అనుకుంది. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు గ్యాస్ బిళ్లలే ఇచ్చాడు. పరగడుపున వేసుకున్నాను, భోజనం చేశాక వేసుకున్నాను, ఏం తేడా లేదు.

పగలు చూస్తే బాగానే ఉండేవాణ్ని. ఎవరైనా "ఎప్పుడు ప్రయాణం?" అని అడిగితే చాలు, మళ్లీ మొదలయ్యేది. ఇక ఫోన్ తెరిస్తే హాస్టళ్ల గురించిన వీడియోలే. చూసేకొద్దీ ఇంకా చూడాలనిపించేది, చూసిన ప్రతిసారీ కొత్త భయం ఒకటి పుట్టేది. ఎక్కడో ఎవరికో జరిగింది నాకూ జరుగుతుందనిపించేది.

చుట్టాలు తలో మాట అనేవాళ్లు. "మగపిల్లాడివి, నీకు బెంగేంట్రా" అని ఒకరు, "మావాడు ఎనిమిదో తరగతి నుంచీ హాస్టల్లోనే ఉన్నాడు" అని ఇంకొకరు. వాళ్ల ఉద్దేశం చెడ్డదేమీ కాదు. కానీ మగపిల్లలకి బెంగ ఉండదని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. అందుకే ఎంతోమంది అబ్బాయిలు కడుపునొప్పి అనీ తలనొప్పి అనీ చెప్పుకుని ఊరుకుంటారు. అదే ఆడపిల్ల అయితే తల్లి దగ్గర తలపెట్టుకుని ఏడ్చే వీలైనా ఉంటుంది. మాకు ఆ పాటి వీలు కూడా ఇవ్వరు. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకో భయం కూడా ఉంది. దాన్ని అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ జులైలోనే గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా సముద్రంలోకి వదిలారు. మా చుట్టుపక్కల లంకలన్నీ మునిగిపోయాయి. మా వీధిలో నడుముల్లోతు నీళ్లు పారాయి. నాయనమ్మకి మోకాళ్లు పనిచెయ్యవు. నవారు మంచం మీద ఆవిణ్ని కూర్చోబెట్టి, ఒక పక్క నాన్న, ఒక పక్క నేను ఎత్తుకుని, ఆ నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి పడవలోకి ఎక్కించాం. ఆవిడ ఒక చేత్తో నా జుట్టు పట్టుకుని కూర్చుంది. నీళ్లు తీశాక ఇంట్లో బురద ఎత్తిపోసుకుని, పుస్తకాలు ఎండబెట్టుకుని, పరీక్షకి వెళ్లాను. సీటొచ్చాక మూడింటికి మెలకువ వచ్చినప్పుడు మొదట గుర్తొచ్చేది ఆ మంచమే. వచ్చే ఏడు మళ్లీ వరదొస్తే రెండో పక్క ఎవరు పట్టుకుంటారు? నా బెంగ నా ఒక్కడి గురించే అని అందరూ అనుకున్నారు. అందులో సగం ఇంటి గురించే.

అమ్మ చివరికి నన్ను ప్రైమరీ హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, బీపీ చూసి, "ఇది ఎప్పుడెప్పుడు వస్తుంది?" అని అడిగింది. అంతవరకూ ఎక్కడ నొప్పి అని అడిగినవాళ్లే గానీ, ఎప్పుడు వస్తుందని అడిగినవాళ్లు లేరు. చెప్పాను. "యూనివర్సిటీ మాట వచ్చినప్పుడే వస్తుందా?" అంది. అవునన్నాను. నా కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. ఆవిడ అమ్మని బయటికి పంపలేదు, నన్ను ఏడవొద్దనీ అనలేదు. కాసేపు ఆగింది.

తర్వాత విడమర్చి చెప్పింది. ప్రమాదం వస్తోందని మెదడుకి అనిపిస్తే ఒంట్లోకి ఎడ్రినలిన్ విడుదలవుతుందట. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, రక్తం కడుపు నుంచి కండరాల వైపు మళ్లుతుంది. పరుగెత్తడానికో ఎదిరించడానికో ఒళ్లు సిద్ధమవుతుందన్నమాట. పాము ఎదురొచ్చినా ఇదే జరుగుతుంది, రెండు నెలల తర్వాత రాబోయే హాస్టల్ గురించి ఆలోచించినా ఇదే జరుగుతుంది. ఆ తేడా ఒంటికి తెలియదు. "నీ కడుపులో జబ్బేమీ లేదు బాబూ. నీ ఒళ్లు నిన్ను కాపాడాలని చూస్తోంది, అంతే" అంది. ఆ మాట విన్నాక నాకు సగం భారం దిగింది. నాకేదో పెద్ద రోగం ఉందేమోనన్న భయం ఒకటి లోపల ఉండేది, అది అక్కడే పోయింది.

ఊపిరి తీసే పద్ధతి నేర్పింది. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. వదలడం నెమ్మదిగా ఉండాలి, అదే ముఖ్యం. మెలకువ వచ్చినప్పుడు మంచం మీద దొర్లకుండా లేచి కూర్చుని చెయ్యమంది. భయం ఒక స్థాయి దాకా పెరిగి, తనంతట తనే దిగుతుందని, దిగేదాకా దాన్నుంచి పారిపోకుండా ఉండటం అలవాటు చేసుకోమని చెప్పింది. మూడు వారాల్లో నిద్ర కుదుటపడకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే రావాలని, అప్పుడు కాకినాడ ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌కి రాసిస్తానని అంది. ఆ రెండో మాట అమ్మ ముందే, ఏ దాపరికం లేకుండా అడిగింది. నాకు రాలేదని చెప్పాను. అమ్మ మొహంలో రంగు అప్పుడు మళ్లీ వచ్చింది.

ఇంకో పని కూడా చెప్పింది. నా భయాలన్నీ ఒక నోట్‌బుక్‌లో ప్రశ్నలుగా రాయమంది. "హాస్టల్ అంటే భయం" అని రాయకూడదు. హాస్టల్లో ఏం జరుగుతుందని భయమో అది ప్రశ్నలా రాయాలి. నాకు బాగా పనికొచ్చింది ఇదే. రాయడం మొదలుపెడితే అవన్నీ ఇలా వచ్చాయి: రూములో ఎంతమంది ఉంటారు? వాళ్లకి తెలుగు వస్తుందా? రాత్రి జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి? మెస్‌లో అన్నం ఉంటుందా, చపాతీలేనా? క్లాసులో ఇంగ్లిష్ అర్థం కాకపోతే? సీనియర్లు ర్యాగింగ్ చేస్తే? నాన్న పంపే డబ్బులు చాలకపోతే? వరదొస్తే నాయనమ్మ మంచం ఎవరు పట్టుకుంటారు? చివర్లో ఒకటి రాసి కొట్టేశాను, మళ్లీ రాశాను: ఉండలేకపోతే?

ఇన్నాళ్లూ తలలో గిరగిరా తిరిగినవి కాగితం మీదికి వచ్చేసరికి, చాలావాటికి జవాబు దొరుకుతుందని తెలిసింది. మా కాలేజీలో హిస్టరీ మేడమ్ ద్వారా, అదే యూనివర్సిటీలో ఎంఏ చదువుతున్న కొత్తపేట అన్న ఒకాయన నంబరు దొరికింది. ఫోన్ చెయ్యడానికి రెండు రోజులు తటపటాయించాను. చేస్తే ఆయన "ఎవర్రా, మన కోనసీమేనా?" అన్నాడు. వీడియో కాల్‌లో రూము చూపించాడు, బాత్రూములు చూపించాడు, మెస్‌కి వెళ్లి తన కంచం చూపించాడు. అన్నం, సాంబారు, ఏదో కూర, పెరుగు ఉన్నాయి. "అన్నానికి ఏ లోటూ లేదురా. ఊరగాయ మాత్రం తెచ్చుకో" అన్నాడు. క్యాంపస్‌లోనే హెల్త్ సెంటర్ ఉందని, రాత్రిపూట రూమ్మేట్లే తీసుకెళ్తారని చెప్పాడు. ఆ కంచం చూశాక నాకు కలిగిన నిమ్మళాన్ని ఏ ధైర్యవచనమూ ఇవ్వలేదు.

ర్యాగింగ్ సంగతి వేరే రకంగా తీరింది. అడ్మిషన్ కాగితాల్లో ర్యాగింగ్ చెయ్యనని విద్యార్థి, తల్లిదండ్రులు ఇచ్చే హామీపత్రం ఒకటి ఉంటుంది. అది చూసి అమ్మ బెదిరిపోయింది. "అక్కడ జరుగుతుంది కాబట్టేగా సంతకం అడుగుతున్నారు" అంది. నేను కూర్చుని అది పూర్తిగా చదివాను, ఆ చట్టం గురించి కూడా చదివాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. దేశమంతటికీ 1800-180-5522 అని ఒక హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు అమ్మ ఫోన్లోనూ నా ఫోన్లోనూ పెట్టాను. ఇప్పటిదాకా వాడే అవసరం రాలేదు. కానీ అది ఫోన్లో ఉందన్న ధీమా అమ్మకి ఉంది.

మంచం ప్రశ్న గురించి నాన్నతో మాట్లాడటానికి సిగ్గేసింది. చెల్లి నా నోట్‌బుక్ చదివేసి తనే చెప్పేసింది. పక్కింటి బాబాయ్ ఆ సాయంత్రమే వచ్చి, "ఏరా, అత్తయ్య మంచం మొయ్యడానికి నేను లేనా, మావాడు లేడా?" అన్నాడు. నాన్న గోడ మీద క్యాలెండర్ వెనకాల పడవవాళ్ల నంబర్లు, గట్టు మీద బడిలో ఉండే టీచరు నంబరు, మండలాఫీసు నంబరు రాసి పెట్టాడు. నా కోసమే రాశాడని తెలుసు. ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నాను, ఇప్పటికీ ఉంది.

ఇక మిగిలింది ఒక్కటే. ఉండలేకపోతే?

దీనికి జవాబు సీనియర్ దగ్గర లేదు, డాక్టరమ్మ దగ్గర లేదు. ఒక ఆదివారం నాన్నకి టిఫిన్ ఇవ్వడానికి అంబాజీపేట వెళ్లాను. ఒలిచిన కాయల రాశి ముందు స్టూలు మీద కూర్చుని లెక్క రాసుకుంటున్నాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను. తల ఎత్తకుండానే "చివరి ప్రశ్న కొట్టేసి మళ్లీ రాశావంట" అన్నాడు. చెల్లి అదీ చెప్పేసింది. నేనేం మాట్లాడలేదు. నాన్న పుస్తకం మూసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"నేను కాకినాడలో డిగ్రీలో చేరాను, తెలుసా నీకు?" అన్నాడు.

తెలియదు. మా నాన్న ఇంటర్‌తో ఆపేశాడనే మాకందరికీ తెలుసు.

"చేరాను. హాస్టల్లో ఉండలేకపోయాను. ఏమైందంటే ఏమీ అవలేదు. తిండి దిగేది కాదు, నిద్ర పట్టేది కాదు. ఎవరికి చెప్పాలో తెలియక ఒకరోజు బస్సెక్కి వచ్చేశాను. మీ తాత గుమ్మంలోనే నిలబెట్టి ఎందుకొచ్చావన్నాడు. చెప్పడానికి నాకు మాట రాలేదు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. నాతో మాట్లాడటం మానేశాడు. సంక్రాంతి దాకా మాట్లాడలేదు." కాస్త ఆగి, "నువ్వు వెళ్లు. నీకిష్టమైన చదువు. ఉండలేకపోతే వచ్చెయ్. ఒక్క ఫోన్ చెయ్, నేనే వచ్చి తీసుకొస్తాను. ఎందుకొచ్చావని మన ఇంట్లో ఎవరూ అడగరు. సీటు పోతే పోతుంది" అన్నాడు.

ఆ రాత్రి చాలా రోజుల తర్వాత తెల్లారేదాకా నిద్రపోయాను.

పెద్దవాళ్లు ఈ మాట అనడానికి భయపడతారు. వచ్చెయ్యమంటే నిజంగానే వచ్చేస్తాడేమోనని. నా విషయంలో జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. వెనక్కి రావచ్చని తెలిశాకే నాకు ముందుకెళ్లే ధైర్యం వచ్చింది. "ఇంత ఖర్చుపెట్టాం, ఎలాగైనా ఉండి తీరాలి" అని పంపిన ఇళ్ల పిల్లల్ని నేను హాస్టల్లో చూశాను. వాళ్లు ఒంట్లో బాగోకపోయినా ఇంటికి చెప్పరు, మార్కులు తగ్గినా చెప్పరు, అన్నం తినకపోయినా చెప్పరు. మన రెండు రాష్ట్రాల్లో హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లల ఆత్మహత్యల వార్తలు అందరికీ తెలిసినవే. ఇంటికి రావచ్చన్న ఒక్క మాట ముందే అని ఉంటే వాళ్లలో కొందరైనా బస్సెక్కి ఇంటికి చేరేవాళ్లు. ఇది మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

ప్రయాణానికి ముందు కాకినాడలో పెద్దమ్మ వాళ్ల మేడ మీద గదిలో కొన్నాళ్లు ఒక్కణ్ణే ఉన్నాను. పెద్దమ్మని పైకి రావొద్దన్నాను. బట్టలు నేనే ఉతుక్కున్నాను, రెండు పూటలా బయట మెస్‌లో తిన్నాను. మొదటి రాత్రి ఊపిరి లెక్కపెట్టుకుంటూనే గడిచింది. తర్వాత తేలికైంది. ఇంటికి అంత దూరం కాని చోట ముందు ఇలా ఉండి చూసుకోవడం మంచిదని నా సలహా.

దీపావళి వెళ్లాక బయల్దేరాం. మా కోనసీమకి రైలు లేదు కదా, రావులపాలెం మీదుగా బస్సులో రాజమండ్రి చేరుకుని రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అది నేరుగా లింగంపల్లి దాకా వెళ్తుంది, అక్కణ్ణుంచి యూనివర్సిటీ దగ్గరే. నాన్న ఒక్కడే వచ్చాడు. అమ్మ బస్సు దాకా వచ్చి నవ్వుతూనే నిలబడింది. నాయనమ్మ మాత్రం గట్టిగా ఏడ్చేసింది. నిజానికి ఆవిడ ఏడ్చాకే మా అందరికీ ఊపిరాడింది.

క్యాంపస్ చూస్తే ఊరంత ఉంది. గేటు దాటి వెళ్తుంటే రాళ్లు, చెట్లు, మళ్లీ రాళ్లు. ఇంకా రాదేంటి అనుకుంటుండగా హాస్టల్ వచ్చింది. నాన్న బకెట్, మగ్గు, తాళం కొన్నాడు. ఆ తాళాన్ని వేసి తీసి, వేసి తీసి చూశాడు. నా రూమ్మేట్ది కోళికోడ్. వాళ్ల నాన్నా వచ్చి ఉన్నాడు. మా నాన్నకి మలయాళం రాదు, ఆయనకి తెలుగు రాదు, ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంతమాత్రం. అయినా అరగంట మాట్లాడుకున్నారు. కొబ్బరి గురించని తర్వాత తెలిసింది. అక్కడ కాయ రేటెంత, ఇక్కడెంత, వేళ్లతో చూపించుకున్నారు. వెళ్లేముందు నాన్న ఆ అబ్బాయి భుజం మీద చెయ్యేసి నా వైపు చూపించి తల ఊపాడు. వాళ్ల నాన్న నా భుజం మీద చెయ్యేసి అలాగే తల ఊపాడు.

నాన్న వెళ్లాక ఏం జరిగిందో దాచను. బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికొస్తే రూమ్మేట్ కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. అమ్మ కట్టిచ్చిన డబ్బా తీసి జంతికలు పెట్టాను. అతను అరటికాయ చిప్స్ తీశాడు. ఆ రాత్రి మెస్‌కి కలిసి వెళ్లాం.

మొదటి వారాల్లో పగలు గడిచిపోయేది. సాయంత్రం ఆరింటికి, ఇంట్లో దీపం పెట్టే వేళకి, గుండె బరువెక్కేది. అమ్మకి ఫోన్ చేసేవాణ్ని. నా గొంతు వణికితే అమ్మ గొంతు వణికేది, ఆవిడది విని నాది ఇంకా ఎక్కువయ్యేది. కొత్తపేట అన్న ఒక ఉపాయం చెప్పాడు. ఆరింటికి ఫోన్ వద్దు, ఆ గంట బయట నడువు, భోజనం చేశాక తొమ్మిదింటికి మాట్లాడు అన్నాడు. అలాగే చేశాను. రూమ్మేట్, నేను చెరువు వైపు నడుచుకుంటూ వెళ్లేవాళ్లం. అక్కడ నెమళ్లు తిరుగుతుంటాయి, వాటి అరుపులు దూరం నుంచే వినిపిస్తాయి. తొమ్మిదింటికి నా దగ్గర అమ్మకి చెప్పడానికి ఏదో ఒక సంగతి ఉండేది.

ఒకరోజు "నీకెలా ఉందమ్మా?" అని అడిగాను. అప్పటిదాకా అడగలేదు. అమ్మ కాసేపు ఊరుకుని, "సాయంత్రం నీ కాలేజీ బస్సు చప్పుడు వినపడితే గుమ్మంలోకి వెళ్తున్నాను రా" అంది. డాక్టరమ్మ నేర్పిన ఊపిరి పద్ధతి అమ్మకి ఫోన్‌లో నేర్పాను. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. బెంగ పిల్లలకి మాత్రమే వస్తుందని నాకు అప్పటిదాకా ఒక ఆలోచన ఉండేది.

ఇంగ్లిష్ గురించి కూడా చెప్పాలి. మొదట్లో క్లాసులో సగం అర్థమయ్యేది కాదు. వినబడిన మాట తెలుగు లిపిలో రాసుకుని, రాత్రి నిఘంటువులో వెతుక్కునేవాణ్ని. నాలాగే తెలుగు మీడియంలో చదివిన ఆదిలాబాద్ అబ్బాయి ఒకతను క్లాసులో ఉన్నాడు. ఇద్దరం లైబ్రరీలో కూర్చుని ఒకే పేరా ముందు తెలుగులో చెప్పుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో రాసేవాళ్లం. అప్పుడే ఈ యూనివర్సిటీ ఎలా పుట్టిందో చదివాం. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం జరిగాక, రెండు ప్రాంతాలకీ రాజీగా 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టడం అందులో ఒక సూత్రం. దానికోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చారు. 1974లో యూనివర్సిటీ ఏర్పడింది. మొదట్లో అది సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచింది. కోనసీమ వాణ్ని నేను, ఆదిలాబాద్ వాడు అతను. మా తాతల కాలంలో ఒకరి మీద ఒకరికి ఉన్న కోపాల మధ్య పుట్టిన చోట కూర్చుని, ఒకే డిక్షనరీ పంచుకుంటున్నాం. అది చదివిన రోజు నేను ఈ చోటికి చెందినవాణ్నే అని మొదటిసారి అనిపించింది.

అప్పటికి అంతా సర్దుకుందనుకున్నాను. సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూశాను. ఊరంతా తిరిగాను. తిరుగు ప్రయాణం రోజు పొద్దున్న మళ్లీ అదే కడుపు, అదే దడ. మొదటిసారి కంటే ఎక్కువే. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. రెండోసారి ఇల్లు వదలడం మొదటిసారి కంటే కష్టంగా ఉండొచ్చు. మొదటిసారి ఏం వదులుతున్నామో పూర్తిగా తెలియదు, రెండోసారి తెలుసు. వెళ్లాక వారం దాకా తేరుకోలేదు. ఇంటర్నల్ పరీక్షలు కూడా నెత్తి మీదికి వచ్చాయి. నిద్ర మళ్లీ పోయింది.

ఈసారి నేను చుట్టూ తిరగలేదు. 14416కి ఫోన్ చేశాను. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున, మొదలుపెట్టారు. డబ్బులేం పడవు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. భాష ఎంచుకున్నాక ఒక అమ్మాయి లైన్లోకి వచ్చింది. పేరు చెప్పక్కర్లేదంది. నేను జరిగిన కథంతా చెప్పాను, ఆవిడ మధ్యలో ఆపలేదు. చివర్లో తిండి, నిద్ర, ఎవరితో మాట్లాడుతున్నావు అని మూడే అడిగింది. పరీక్షలు పూర్తయ్యేదాకా రాత్రి పదకొండు తర్వాత చదవొద్దని, ఫోన్ మంచానికి దూరంగా పెట్టమని, యూనివర్సిటీలో కౌన్సిలర్ ఉంటే కలవమని చెప్పింది. కలిశాను. కొన్నిసార్లు వెళ్లాక అవసరం తగ్గింది. ఎవరికైనా భయం రోజువారీ పనుల్ని ఆపేస్తుంటే ఆ నంబరుకి చెయ్యడానికి వెనకాడొద్దు. పిచ్చి పట్టినవాళ్లకే అలాంటివని మనవాళ్లు అనుకుంటారు. కడుపునొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లడానికీ దీనికీ తేడా ఏమీ లేదు.

నేనిప్పుడు నాలుగో ఏడాదిలో ఉన్నాను. భయం మొత్తం పోయిందని చెప్పను. సెలవులయ్యాక బయల్దేరే రోజు పొద్దున్న కడుపు ఇంకా తన పని తను చేస్తుంది. వస్తుందని తెలుసు కాబట్టి ఆ పూట పెరుగన్నమే తింటాను, బస్సుకి కాస్త ముందుగా బయల్దేరతాను. నాన్న అన్నట్టు ఫోన్ చెయ్యాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

ఈ ఏడు చెల్లికి విశాఖపట్నంలో నర్సింగ్ సీటొచ్చింది. నా పాత నోట్‌బుక్ ఇచ్చి, నీవి కూడా రాసుకో అన్నాను. నావి చూసి రాస్తుందనుకున్నాను. తన భయాలు వేరేగా ఉన్నాయి. మొదటి పేజీలో ఒకే ఒక్క ప్రశ్న రాసింది: "నాకు అక్కడ బాగా నచ్చేసి, ఒకరోజు ఇంటికి ఫోన్ చెయ్యడం మర్చిపోతే అమ్మ ఏమనుకుంటుంది?"

అమ్మకి చూపించాం. అమ్మ పెన్ను తీసుకుని కింద రాసింది: "ఏమీ అనుకోను. నేనే చేస్తాను."